పరస్పర అంగీకార విడాకులలో ఆర్థిక ఒప్పందం: మాట నుంచి డిక్రీ వరకు (నర్సీపట్నం ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన)

వ్యాససంగ్రహం:
తగాదా లేకుండా విడిపోవాలని నిర్ణయించుకున్న దంపతులు ఆస్తి, నగదు, అప్పు, పిల్లల పోషణ విషయాలలో కుదుర్చుకున్న ఒప్పందానికి చట్టబద్ధత ఎలా సమకూరుతుందో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. భార్యాభర్తల ఆస్తిని సమంగా పంచే చట్టం మనకు లేనందువల్ల ఈ ఒప్పందపత్రమే గృహిణి శ్రమకు విలువకట్టే ప్రధాన అవకాశమని, ఆ పత్రం డిక్రీలో భాగమైనప్పుడే దానికి అమలుశక్తి కలుగుతుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. మైదానానికీ మన్యానికీ సరిహద్దులో ఉన్న నర్సీపట్నం పరిసరాల భూమి స్వభావాన్ని దృష్టిలో ఉంచుకొని ఒప్పందంలోని అంశాలను విడివిడిగా పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పరస్పర అంగీకార విడాకులు, రాజీ, మనోవర్తి, శాశ్వత భరణం, స్త్రీధనం, రిజిస్ట్రేషన్, డిక్రీ.

1. ఉపోద్ఘాతం

‘రాజీనామా’ అనగానే నేడు మనకు ఉద్యోగం వదులుకోవడం స్ఫురిస్తుంది. పాత దస్తావేజులలో ఈ పదానికి రాజీపత్రమనే అర్థం ఉంది. ఇరుపక్షాలు సమ్మతించి రాసుకున్న కాగితం రాజీనామా. దాంపత్యం ముగిసే సందర్భంలో ఈ పాత అర్థం మళ్లీ అవసరమవుతుంది. విడిపోవడానికి ఇద్దరూ సమ్మతించారు. ఎవరికి ఏమి చెందాలన్నదీ మాట్లాడుకున్నారు. ఆ మాట ఏ రూపంలో నిలబడుతుందన్నదే ప్రశ్న.

ఆంధ్రదేశంలో ఈ ప్రశ్నకు కొంత చరిత్ర ఉంది. నర్సీపట్నం ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలంలో, 1949లో, మద్రాసు హిందూ ద్విభార్యాత్వ నిరోధ, విడాకుల చట్టం వచ్చింది. 1955 నాటి హిందూ వివాహ చట్టం దానిని రద్దు చేసి దేశమంతటికీ ఒకే విధానం తెచ్చినా, అందులో పరస్పర అంగీకారంతో విడాకులు పొందే వీలు లేదు. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టంలో మాత్రం ఆ వీలు ఉండేది. 1976 సవరణ ద్వారా హిందూ వివాహ చట్టంలో 13బి సెక్షన్ చేరింది. అంతవరకు విడిపోదలచిన హిందూ దంపతులలో ఒకరు మరొకరిపై ఏదో ఒక ఆరోపణ చేయక తప్పేది కాదు, లేదంటే కులాచారాన్ని ఆశ్రయించాల్సివచ్చేది.

నర్సీపట్నం అనకాపల్లి జిల్లాలో రెవెన్యూ డివిజన్ కేంద్రం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణకు ముందు ఇది విశాఖపట్నం జిల్లాలో భాగం. ఇక్కడినుంచి చింతపల్లి మార్గంలో వెళితే అల్లూరి సీతారామరాజు జిల్లాలోని షెడ్యూల్డ్ ప్రాంతం మొదలవుతుంది. ఈ ప్రాంతంలో ఒకే కుటుంబానికి పట్టణంలో ఇల్లు, పల్లెలో జిరాయితీ పొలం, ప్రభుత్వమిచ్చిన డి-పట్టా భూమి, మన్యంలో ఉద్యోగం ఉండడం సాధ్యమే. అందువల్ల ‘ఆస్తి పంచుకోవడం’ అనే ఒక్క మాట వెనుక పలు చట్టాలు పనిచేస్తాయి.

2. పెద్దమనుషుల కాగితం: దాని హద్దులు

స్నేహపూర్వకంగా విడిపోయేవారు తరచు మొదట ఆశ్రయించేది పెద్దమనుషులనే. ఇరువైపుల పెద్దలు కూర్చొని లెక్క తేలుస్తారు. దస్తావేజు లేఖరి స్టాంపు కాగితంపై పత్రం రాస్తాడు. ఇద్దరూ, సాక్షులూ సంతకాలు చేస్తారు. నగదు చేతులు మారుతుంది. ‘ఇకమీదట ఒకరిపై ఒకరికి ఏ హక్కులూ లేవు’ అనే వాక్యంతో పత్రం ముగుస్తుంది.

ఈ కాగితంతో వివాహం రద్దు కాదు. ఆచారం ప్రకారం పొందిన విడాకులను హిందూ వివాహ చట్టంలోని 29(2) సెక్షన్ కాపాడిన మాట నిజమే. అయితే అటువంటి ఆచారం తమ సముదాయంలో ఉన్నదని వాదించి, సాక్ష్యంతో నిరూపించవలసిన భారం దానిని ఆశ్రయించినవారిదేనని యమనాజీ జాదవ్ వర్సెస్ నిర్మల కేసులో సుప్రీంకోర్టు 2002లో స్పష్టం చేసింది. ఆచారం రుజువుకాకపోతే పత్రం నిలవదు. దానిని నమ్మి పునర్వివాహం చేసుకున్న వ్యక్తి ద్విభార్యాత్వ నేరారోపణకు, రెండవ వివాహం చెల్లకపోయే ప్రమాదానికి లోనవుతారు.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప షెడ్యూల్డ్ తెగలవారికి హిందూ వివాహ చట్టం వర్తించదని 2(2) సెక్షన్ చెబుతున్నది. కాబట్టి మన్యంలోని గిరిజన దంపతుల విషయంలో వారి ఆచారమే ప్రధానం. క్రైస్తవులకు 1869 నాటి విడాకుల చట్టంలోని 10ఎ సెక్షన్, ముస్లింలకు ముబారాత్ పద్ధతి ఉన్నాయి. ఈ వ్యాసం ఇకపై హిందూ వివాహ చట్టం పరిధిలోని దంపతులకే పరిమితమవుతుంది.

పెద్దల కృషి నిరర్థకమని దీని భావం కాదు. న్యాయస్థానంలో సమర్పించవలసిన ఒప్పందానికి అది మంచి ముసాయిదా కాగలదు. దానినే తుదిరూపంగా భావించినప్పుడు చిక్కు వస్తుంది.

3. ఆస్తి ఎవరిది?

వివాహకాలంలో సంపాదించిన ఆస్తిని విడాకుల వేళ సమంగా పంచే విధానం కొన్ని దేశాలలో ఉంది. గోవా వంటి మినహాయింపును పక్కనపెడితే భారతదేశంలో అది లేదు. ఎవరి పేరున దస్తావేజు ఉందో ఆస్తి వారిదే. హిందూ వివాహ చట్టంలోని 27వ సెక్షన్ వివాహ సమయంలోనో, ఆ ముందువెనుకలలోనో బహూకరించిన ఉమ్మడి వస్తువులకే వర్తిస్తుంది. 25వ సెక్షన్ శాశ్వత భరణాన్ని నిర్ణయించే అధికారం కోర్టుకు ఇస్తుంది. అంతకుమించి, భర్త పేరున ఉన్న ఇంటిలో భార్యకు వాటా ఇచ్చే సాధారణ నియమమేదీ లేదు.

కన్నయ్యన్ నాయుడు వర్సెస్ కంసల అమ్మాళ్ కేసులో మద్రాసు హైకోర్టు 2023లో ఇచ్చిన తీర్పు ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. ఇల్లు చక్కబెట్టిన భార్య శ్రమ కూడా ఆస్తి సంపాదనలో భాగమేనని ఆ తీర్పు గుర్తించింది. అది ఆంధ్రప్రదేశ్ న్యాయస్థానాలు తప్పక పాటించవలసిన తీర్పు కాకపోయినా వాదనకు బలమిస్తుంది. చట్టంలోని ఈ ఖాళీ కారణంగా, పరస్పర అంగీకార విడాకులలో కుదిరే ఒప్పందానికి ప్రాధాన్యం పెరుగుతుంది. ఏళ్ల తరబడి సాగిన గృహశ్రమకు ఎంత విలువ కట్టాలన్నది ఇక్కడ ఆ ఇద్దరి సంప్రదింపులలోనే తేలుతుంది. అప్పుడు వదిలిన అంశాన్ని తరువాత రాబట్టుకోవడం కష్టం.

4. ఒప్పందంలోని అంశాలు

విషయ స్పష్టత కోసం ఒక ఊహాజనిత ఉదాహరణను స్వీకరిద్దాం. భర్త చింతపల్లి మండలంలో ప్రభుత్వోపాధ్యాయుడు. భార్య నర్సీపట్నంలో ఇల్లు చూసుకుంటూ కుట్టుపని చేస్తున్నది. పన్నెండేళ్ల దాంపత్యం. తొమ్మిదేళ్ల కుమార్తె. పట్టణంలోని ఇల్లు భర్త పేరున ఉంది, దానిపై 6 లక్షల బ్యాంకు అప్పు మిగిలి ఉంది. ఒక ఎకరం డి-పట్టా భూమి, భార్య పుట్టింటివారు పెట్టిన బంగారం ఉన్నాయి. పద్నాలుగు నెలలుగా విడివిడిగా ఉంటున్నారు. ఇల్లు భార్యకు ఇచ్చి, అప్పు భర్త తీర్చి, మరో 9 లక్షలు మూడు భాగాలుగా చెల్లించాలని అనుకున్నారు.

4.1 వివరాల వెల్లడి: రజనీష్ వర్సెస్ నేహా కేసులో 2020 నవంబరు 4న సుప్రీంకోర్టు మనోవర్తి వ్యాజ్యాలలో ఇరుపక్షాలూ ఆస్తులు, అప్పులు, ఆదాయం తెలిపే ప్రమాణపత్రం సమర్పించాలని ఆదేశించి, దానికి నమూనా కూడా ఇచ్చింది. రాజీకి వచ్చినవారు కూడా ఈ నమూనా ప్రకారం వివరాలు రాసుకోవడం మేలు. సమ్మతి బలవంతం, మోసం, అనుచిత ప్రభావం వల్ల పొందినది కాదని కోర్టు తృప్తిచెందాలని 23(1)(బిబి) సెక్షన్ నిర్దేశిస్తున్నది. దాచిన ఆస్తి తరువాత బయటపడితే మోసం ఆరోపణకు అదే ఆధారమవుతుంది.

4.2 నగదు: ఎంత మొత్తం అన్నదానితో పాటు ఎప్పుడు, ఏ మార్గంలో అన్నదీ రాయాలి. ఉదాహరణలోని దంపతులు 3 లక్షలు మొదటి విచారణ రోజున, 3 లక్షలు రెండవ విచారణ రోజున డిమాండ్ డ్రాఫ్టు ద్వారా, 3 లక్షలు కుమార్తె పేరున బ్యాంకు డిపాజిట్టుగా అని విభజించుకోవచ్చు. పెద్దల సమక్షంలో చేతికిచ్చిన నగదుకు రసీదు లేకపోతే ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ రుజువు ఉండదు. ఒకరు మధ్యలో సమ్మతిని ఉపసంహరించుకుంటే అప్పటివరకు ఇచ్చిన సొమ్ము ఏమవుతుందో కూడా ముందే రాసుకోవాలి.

4.3 స్థిరాస్తి: ఎక్కువ పొరపాట్లకు ఆస్కారమున్నది ఇక్కడే. నూరు రూపాయలు, అంతకుమించిన విలువగల స్థిరాస్తిపై హక్కు కల్పించే పత్రాన్ని రిజిస్టరు చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టంలోని 17(1)(బి) సెక్షన్ చెబుతున్నది. కోర్టు డిక్రీకి మినహాయింపు ఉన్నా, రాజీ డిక్రీలో వ్యాజ్య విషయం కాని స్థిరాస్తి చేరితే ఆ మినహాయింపు వర్తించదని 17(2)(vi) సెక్షన్ సారాంశం. విడాకుల పిటిషన్‌లో సాధారణంగా వ్యాజ్య విషయం వివాహం, ఇల్లు కాదు. కాబట్టి ‘ఇల్లు భార్యకు చెందును’ అని డిక్రీలో రాసినంత మాత్రాన సరిపోతుందనుకోవడం సురక్షితం కాదు. ఇల్లు వివరాలను పిటిషన్‌లోనే షెడ్యూలుగా చేర్చడంతో పాటు, విడిగా దాన సెటిల్‌మెంట్ దస్తావేజు రిజిస్టరు చేయించుకోవడం క్షేమకరం. దానపత్రం రిజిస్టరై, ఇద్దరు సాక్షుల సంతకాలు కలిగి ఉండాలని ఆస్తి బదలాయింపు చట్టంలోని 123వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

దీనికి సమయం కూడా ముఖ్యం. డిక్రీ వెలువడిన క్షణం నుంచి వారు భార్యాభర్తలు కారు. కుటుంబసభ్యుల మధ్య బదిలీలకు వర్తించే స్టాంపు సుంకపు రాయితీ ఆ తర్వాత దొరకకపోవచ్చు. అలాగని మరీ ముందుగా రిజిస్టరు చేస్తే, భార్య సమ్మతి మార్చుకున్నప్పుడు భర్త నష్టపోతాడు. రెండవ విచారణ తేదీ ఖరారైన తర్వాత, దానికి కొద్దిరోజుల ముందు రిజిస్టరు చేయించడం ఇద్దరికీ సమంజసం. సంతకమైన దస్తావేజును నాలుగు నెలలలోగా రిజిస్ట్రేషన్‌కు సమర్పించవచ్చు గనుక కొంత వెసులుబాటు ఉంటుంది.

ఉదాహరణలోని డి-పట్టా భూమి మరో తరహా సమస్య. 1977 నాటి ఆంధ్రప్రదేశ్ అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం అటువంటి భూమి చేతులు మారడాన్ని నిషేధించింది. తరువాతి సవరణల ప్రకారం ఆ భూమికి ప్రస్తుతం బదిలీ అర్హత ఉన్నదో లేదో తేల్చుకోకుండా దానిని ఒప్పందంలో చేర్చరాదు. షెడ్యూల్డ్ ప్రాంతంలోని భూమి అయితే 1970లో సవరించిన 1959 నాటి భూబదలాయింపు నిబంధన ప్రకారం గిరిజనేతరులకు చేసే బదిలీ చెల్లదు. ఇచ్చే వ్యక్తి గిరిజనేతరుడైనా ఇదే నియమం. చెల్లని భూమిని లెక్కలో చూపి నగదు తగ్గిస్తే, పుచ్చుకున్న వ్యక్తికి మిగిలేది కాగితమే.

పదాల ఎంపిక ఎంత కీలకమో తెలిపే కేసు ఆంధ్రదేశానిదే. వడ్డెబోయిన తులశమ్మ భర్త 1931లో మరణించాడు. 1944లో ఆమె మరిదిపై మనోవర్తి కోసం వ్యాజ్యం వేసి గెలిచింది. 1949 జూలై 30 నాటి రాజీలో ఆమెకు కొన్ని ఆస్తులు ఇస్తూ, అనుభవించడమే తప్ప అన్యాక్రాంతం చేసే హక్కు లేదని రాశారు. తరువాత ఆమె కొంత ఆస్తిని కౌలుకిచ్చి, కొంత అమ్మగా వివాదం మొదలైంది. మనోవర్తి హక్కుకు బదులుగా వచ్చిన ఆస్తి కనుక హిందూ వారసత్వ చట్టంలోని 14(1) సెక్షన్ కింద ఆమెకు సంపూర్ణ హక్కు ఉందని 1977 మార్చి 17న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. రాజీకీ తుది తీర్పుకూ మధ్య ఇరవై ఏడేళ్లు గడిచాయి. ఆమె విధవ, విడాకులు పొందిన స్త్రీ కాదు. అయినా ఈ కేసు పాఠం ఇక్కడా వర్తిస్తుంది. సంపూర్ణ హక్కా, జీవితకాల అనుభవమా, దేనికి బదులుగా ఇస్తున్నారు అన్న మూడు సంగతులూ పత్రంలో సందిగ్ధత లేకుండా ఉండాలి.

4.4 అప్పు: ‘అప్పు భర్త తీర్చును’ అన్న వాక్యం దంపతులను మాత్రమే బంధిస్తుంది, బ్యాంకును కాదు. భార్య సహరుణగ్రహీతగానో, హామీదారుగానో సంతకం చేసి ఉంటే బ్యాంకు అంగీకరించి ఆమెను విడుదల చేసేంతవరకు ఆమె బాధ్యత కొనసాగుతుంది. ఇంటి దస్తావేజులు బ్యాంకు తనఖాలో ఉన్నందువల్ల ముందు అప్పు తీర్చి, దస్తావేజులు విడిపించి, ఆపై దానపత్రం రాయడం సరైన వరుస.

4.5 స్త్రీధనం: బంగారం, పుట్టింటివారిచ్చిన సామగ్రి భార్య సొంతం. భర్త వద్ద ఉన్నా అది ఆమె ఆస్తేనని ప్రతిభారాణి వర్సెస్ సూరజ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 1985లో స్పష్టం చేసింది. కాబట్టి దాన్ని తిరిగి ఇవ్వడాన్ని భరణంలో భాగంగా లెక్కించకూడదు. వస్తువుల జాబితాను తూకంతో సహా విడిగా రాసి, అందినట్లు సంతకం తీసుకోవాలి. పసుపు కుంకుమల కింద ఇచ్చిన భూమి ఉంటే దాని దస్తావేజు ఎవరి పేరున ఉందో చూడాలి. మాటతో ఇచ్చిన భూమికి ఈ దశలోనైనా సరైన పత్రం ఏర్పడాలి.

4.6 పిల్లలు: తల్లిదండ్రులు తమ హక్కులను వదులుకోగలరేమో గానీ బిడ్డ పోషణహక్కును వదులుకోలేరు. ‘కుమార్తె కోసం తండ్రిని ఏమీ అడగను’ అని తల్లి రాసిచ్చినా ఆ మాట బిడ్డను బంధించదు. నెలవారీ పోషణ, చదువు ఖర్చు, ఏటా పెరుగుదల, సంరక్షణ, తండ్రి కలుసుకునే రోజులు విడివిడిగా రాయాలి. 26వ సెక్షన్ కింద కోర్టు వీటిని తరువాత కూడా మార్చగలదు. మైనరు పేరున స్థిరాస్తి పెడితే దానిని అమ్మడానికి కోర్టు అనుమతి అవసరమవుతుందని మరువరాదు.

4.7 భవిష్యత్ మనోవర్తి: ‘ఇకపై మనోవర్తి కోరను’ అనే నిబంధన అంత నిశ్చయమైనది కాదు. పరస్పర అంగీకారంతో విడాకులు పొందిన స్త్రీ కూడా మనోవర్తికి అర్హురాలేనని వనమాల వర్సెస్ రంగనాథ భట్ట కేసులో సుప్రీంకోర్టు 1995లో చెప్పింది. విడాకులు జరగని దంపతుల విషయంలో, భవిష్యత్ మనోవర్తిని వదులుకునే రాజీ ప్రజావిధానానికి విరుద్ధమని నాగేంద్రప్ప నాటికర్ కేసులో 2013లో తేల్చింది. మరోవైపు, విడాకుల తర్వాత స్వచ్ఛందంగా మనోవర్తి హక్కును వదులుకున్న స్త్రీ విషయంలో పూర్వపు ఆదేశాన్ని రద్దుచేసే వీలు పాత నేర విచారణ స్మృతిలోనూ, 2024 జూలై 1 నుంచి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహితలోనూ ఉంది. వీటన్నిటి దృష్ట్యా ఆ నిబంధనకు నిజమైన బలం దాని వెనుకనున్న మొత్తం నుంచే వస్తుంది. ఆదాయం వెల్లడించి, న్యాయమైన మొత్తం నిర్ణయించి, వాస్తవంగా చెల్లించినట్లు రికార్డు ఉంటే దానిని తిరగదోడడం కష్టం.

5. ఒప్పందం డిక్రీలోకి చేరడం

పై అంశాలన్నీ కుదిరాక ఒప్పందపత్రాన్ని 13బి కింద వేసే ఉమ్మడి పిటిషన్‌కు జతపరచాలి. వివాహం జరిగిన చోట, దంపతులు చివరిగా కలిసి నివసించిన చోట, ప్రతివాది నివాసమున్న చోట, భార్య పిటిషనరైతే ఆమె నివాసమున్న చోట అధికారపరిధి గల కోర్టును ఆశ్రయించవచ్చు. కనీసం ఏడాది విడిగా ఉండడం, కలిసి జీవించలేకపోవడం, వివాహ రద్దుకు అంగీకరించడం అనే మూడు షరతులు నెరవేరాలి. పిటిషన్ దాఖలు చేసిన తేదీ నుంచి ఆరు నెలలకు ముందుగాక, పద్దెనిమిది నెలలలోపు రెండవసారి కోర్టును కోరాలి.

ఈ ఆరు నెలల గడువు తప్పనిసరి కాదని అమర్‌దీప్ సింగ్ వర్సెస్ హర్వీన్ కౌర్ కేసులో 2017 సెప్టెంబరు 12న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పిటిషన్‌కు ముందే ఏడాదిన్నర ఎడబాటు, సయోధ్య యత్నాల వైఫల్యం, భరణంతో సహా వివాదాలన్నీ నిజంగా పరిష్కారం కావడం వంటివి అందుకు ప్రాతిపదికలు. ఇవి నిదర్శనాలే తప్ప సంపూర్ణ జాబితా కాదని 2021లో అమిత్ కుమార్ వర్సెస్ సుమన్ బేనీవాల్ కేసులో వివరించింది. పద్నాలుగు నెలల ఎడబాటు ఉన్న మన ఉదాహరణలోని దంపతులు సాధారణంగా వేచివుండడానికే సిద్ధపడాలి. ఆర్థిక ఒప్పందం పూర్తికావడమే గడువు మినహాయింపుకు ఒక ప్రాతిపదిక కావడం ఇక్కడ గమనార్హం.

డిక్రీ వెలువడేదాకా ఎవరైనా సమ్మతిని ఉపసంహరించుకోవచ్చని సురేష్టా దేవి వర్సెస్ ఓంప్రకాష్ కేసులో 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అందువల్లనే చెల్లింపులను విచారణ దశలతో ముడిపెట్టడం అవసరమవుతున్నది.

చివరి జాగ్రత్త డిక్రీ పాఠానికి సంబంధించినది. ‘వివాహం రద్దయినది’ అని మాత్రమే డిక్రీలో ఉంటే ఒప్పందం విడి కాగితంగా మిగిలిపోతుంది. దాన్ని అమలుచేయించడానికి మళ్లీ దావా వేయాల్సి రావచ్చు. ఒప్పంద నిబంధనలు డిక్రీలో భాగమని స్పష్టంగా నమోదైతే 28ఎ సెక్షన్ ప్రకారం సివిల్ డిక్రీలాగా అమలుచేయించుకోవచ్చు. సమ్మతి డిక్రీపై సాధారణంగా అప్పీలు ఉండదు గనుక పొరపాట్లను డిక్రీకి ముందే దిద్దుకోవాలి. న్యాయవాదిని పెట్టుకోలేని స్త్రీకి, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టంలోని 12వ సెక్షన్ ఉచిత న్యాయసహాయం కల్పిస్తున్నది. భర్త తరఫు న్యాయవాదే ఇద్దరి పత్రాలూ రాసే సందర్భాలలో ఈ హక్కును వినియోగించుకోవడం మరీ అవసరం.

6. డిక్రీ తర్వాత

డిక్రీ ధ్రువీకృత ప్రతులు ఇద్దరివద్దా ఉండాలి. ఇంటి పన్ను రికార్డులో, విద్యుత్ కనెక్షన్‌లో పేరు మార్పించాలి. సాగుభూమి అయితే తహసీల్దారు కార్యాలయంలో మ్యుటేషన్ చేయించి 1-బి, అడంగల్‌లలో పేరు సరిచూసుకోవాలి. భర్త సీపీఎస్ ఖాతాలోనూ, ఏపీజీఎల్‌ఐ పాలసీలోనూ, బ్యాంకు ఖాతాలలోనూ నామినీ పేర్లను మార్చుకోవాలి. పాత నామినేషన్ అలాగే ఉంటే ఆయన మరణానంతరం పునర్వివాహపు కుటుంబానికీ మొదటి భార్యకూ మధ్య కొత్త వివాదం పుడుతుంది. స్నేహంగా విడిపోయిన ఇద్దరూ కోరుకోనిది అదే.

7. ముగింపు

పై పరిశీలనలో ఒప్పందానికి నాలుగు దశలు కనిపిస్తున్నాయి. మొదటిది ఇద్దరి మధ్య మాట. రెండవది పెద్దల సమక్షంలో కాగితం. మూడవది రిజిస్టరైన దస్తావేజు. నాలుగవది కోర్టు డిక్రీ. నగదుకూ పోషణకూ డిక్రీ, స్థిరాస్తికి దస్తావేజుతో కూడిన డిక్రీ, అప్పుకు బ్యాంకు అంగీకారం, స్త్రీధనానికి జాబితా, రసీదు అవసరం. ఏ అంశమైనా తనకు తగిన దశకు చేరకుండా మధ్యలో ఆగితే, దాని భారం ఆస్తి తన పేరున లేని వ్యక్తిపైనే, అంటే ఎక్కువ సందర్భాలలో స్త్రీపైనే పడుతుంది.

తగాదా ఉన్నచోట న్యాయవాదులు ప్రతి అక్షరాన్నీ పరీక్షిస్తారు. సామరస్యం ఉన్నచోట ‘మనమధ్య కాగితాలెందుకు’ అనే మొహమాటం అడ్డువస్తుంది. ఆ మొహమాటాన్ని దాటి రాసుకున్న స్పష్టమైన పత్రం, విడిపోయిన తర్వాత కూడా ఇద్దరి మధ్య మర్యాద నిలబడడానికి, కుమార్తె పెళ్లిపందిట్లో ఇద్దరూ ఒకచోట కూర్చోగలగడానికి దోహదం చేస్తుంది.